మచ్చ ఒక్కటీ లేని జబ్బు

ప్రియ సహోదరీ సహోదరులారా, నా పేరు రత్నం, మాది చోడవరం, మా ఆయన చెరకు వ్యవసాయం చేస్తారు. రెండేళ్ల క్రితం నా ముఖం నున్నగా, నిగనిగలాడుతూ కనబడితే సంఘంలో ఆడవాళ్ళు ఒళ్ళు చేశావన్నారు, నేనూ నవ్వి ఊరుకున్నాను, కానీ కొన్నాళ్ళకు చెవి తమ్మెలు దళసరెక్కి దుద్దులు పట్టలేదు, కనుబొమల చివర్లు రాలిపోయాయి, నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. ఒకచోట ఎలర్జీ అన్నారు, ఇంకోచోట థైరాయిడ్ అన్నారు, ఏ మందూ పని చేయలేదు.

చివరికి అనకాపల్లిలో ఒక చర్మవ్యాధుల డాక్టరమ్మ నా కళ్ళు మూయించి అరికాళ్ళను దూదితో తాకారు. తాకినట్టే నాకు తెలియలేదు. చెవి తమ్మెకు చిన్న గాటు పెట్టి, అందులోంచి వచ్చిన రసాన్ని మైక్రోస్కోపులో చూసి, కుష్ఠు అని చెప్పారు.

“ఒంటిమీద మచ్చ ఒక్కటీ లేదు గదండీ,” అన్నాను.

“కొందరికి మచ్చలు కనబడవమ్మా, చర్మమంతా ఇలా దళసరెక్కుతుంది. మందులతో నయమవుతుంది. మొదలెట్టాక మీనించి ఎవరికీ అంటదు.”

ఇంట్లో అందరినీ పరీక్షించారు, ప్రభువు దయవల్ల ఎవరికీ లేదు. అయినా నా భయం పోలేదు. ప్రభు బల్ల రోజున ఆరాధనలో విరిచి పంచే రొట్టె చేసే నేను ఆ పని మానేసి, కంచం వేరు పెట్టుకుని, పెరటి గదిలో ఉండిపోయాను. “ప్రభువా, నువ్వయినా నన్ను ముట్టుకుంటావా?” అని ఏడ్చి ప్రార్థించాను.

మా అత్తగారు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఒక శనివారం మధ్యాహ్నం వచ్చి నా పక్కన కూర్చుని, నేను కలుపుకున్న చారన్నంలోంచి ముద్ద తీసుకుని తిన్నారు. నేను కంచం లాక్కోబోయాను.

“ఏటే ఆ కంగారు? డాక్టరమ్మ సెప్పింది నేనూ ఇన్నాను గదా. మందేసుకుంటన్నావు, అంటుకోదంట. లే, పిండి కలుపు. రేపు బల్లుంది,” అన్నారు.

ప్రభువు నన్ను ఎవరి చేత్తో ముట్టుకున్నాడో అప్పుడు తెలిసింది. మర్నాడు పాస్టరు గారు నేను చేసిన రొట్టె విరిచి అందరికీ పంచారు, సంఘమంతా తిన్నది, దేవునికే మహిమ.

ఏడాది పాటు మాత్రలు మింగాను, ఆ మందుకు ఒళ్ళు నల్లబడింది, జ్వరంతో ఎర్రని బుడిపెలు లేచి మంచం పట్టిన రోజులూ ఉన్నాయి, అన్నిటినీ దేవుడు దాటించాడు. అరికాళ్ళకు స్పర్శ ఇంకా పూర్తిగా రాలేదు, రోజూ అత్తగారే పుండ్లు పడ్డాయేమోనని చూస్తారు.

మీలో ఎవరైనా ఒంటిమీద మార్పును దాచుకుని భయపడుతుంటే, ప్రభువును నమ్మి డాక్టరుకు చూపించండి. ఒక్కరే వెళ్ళలేకపోతే ఆరాధన అయ్యాక నా దగ్గరకు రండి, నేను మీతో వస్తాను.