ఊదారంగు డైనోసార్ తొడ కీలు

“పగిలితే పగలనివ్వండి! పిల్లల చేతుల్లో పగలడం కంటే నా చేతిలో పగలడమే నయం.”

“అది నీ సొమ్మా? మేనల్లుడి సొమ్ము. రేపు వాడొచ్చి అడిగితే ఏం చెబుతావు? కాలు విరిచి పెట్టాను, పట్టుకుపోరా అంటావా?”

మూడో అంతస్తు మెట్ల మీద మేనల్లుడు ఆగిపోయాడు. తలుపు ఓరగా తీసి ఉంది. లోపల పోట్లాడుకుంటున్నది అతని మేనత్త, ఆమె మొగుడు. పోట్లాటంతా నిన్న పొద్దున్న అతను వాళ్లింట్లో వదిలి వెళ్లిన బొమ్మ గురించే.

అరచేతి కన్నా కాస్త పెద్దదైన ఊదారంగు డైనోసార్ అది. తోక మడిచి, తల వెనక్కి తోసి, తొడలు రెండూ తిప్పితే లేచి నిలబడి రోబో అవుతుంది. ఇరవై ఏళ్ల కిందట ఇదే బొమ్మ ఆకుపచ్చ రంగులో వచ్చింది. ఇప్పుడు రంగు మార్చి మళ్లీ వదులుతున్నారు. పెట్టె మీద మాత్రం ‘మునుపటికన్నా గట్టిది’ అని బండ అక్షరాలు. బొమ్మలు విప్పి చూసి, మంచీ చెడూ చెబుతూ ఫోనులో వీడియోలు చేయడం మేనల్లుడి పని. ఈ బొమ్మను కంపెనీ వాళ్లే ఊరికే పంపారు. ‘కళ్లు మూసుకుని కొనేయొచ్చు’ అని వీడియోలో అనేశాడు కూడా. రేపు పొద్దున్న ఆ వీడియోను జనంలోకి వదలాలి. కానీ ఆ మాట అన్న దగ్గర్నుంచి అది నిజమో కాదోనని అనుమానం పట్టుకుంది. అందుకే అత్త దగ్గరికి తెచ్చాడు.

ఆకుపచ్చ బొమ్మ తయారైన ఫ్యాక్టరీలో అత్త ఇరవై ఆరేళ్లు చెకింగ్ బల్ల ముందు కూర్చుంది. ప్రతి పెట్టెలో ఒక చిన్న చీటీ వేసేవారు: ‘పరీక్షించినవారు – 7’. ఆ ఏడు ఆమే. రోజూ వందల బొమ్మలు తిప్పి చూసేది. ఒక్కటీ విరిగేది కాదు, చీటీ వేసేది. ఆ బొమ్మ అమ్మకానికి వెళ్లి ఆరు నెలలు తిరిగేసరికి పెట్టెలు వెనక్కి రావడం మొదలైంది. ప్రతి పెట్టెలో తొడ విరిగిన బొమ్మ, పక్కనే నలగని ఏడో నంబరు చీటీ. సూపర్‌వైజర్ వాటిని బుట్టలకెత్తి తెచ్చి ఆమె బల్ల మీదే గుమ్మరించి వెళ్లాడు.

ఆ రోజు నుంచి అత్త లోకంలో దేన్నీ నమ్మలేదు. కొత్త చొక్కా తెస్తే ముందు గుండీలు లాగుతుంది. ఎవరింటికి వెళ్లినా కుర్చీని ఊపి చూసి గాని కూర్చోదు. మందు సీసా సీలును దీపం దగ్గర పెట్టి చూస్తుంది. ఏమన్నా అంటే “నమ్మి నానబోస్తే పుచ్చిబుర్రలయ్యాయి” అంటుంది. “ఈ తెలివి పెళ్లికి ముందే ఉంటే నన్నూ ఒకసారి ఊపి చూసేది, ఇద్దరం బతికిపోయేవాళ్లం” అంటాడు మామయ్య.

“లోపలికి రారా! దొంగలా అక్కడ నిలబడ్డావేం?” అత్త గొంతు వినిపించింది. “మెట్ల మీద చెప్పుల చప్పుడు ఆగినప్పుడే అనుకున్నా.”

బల్ల మీద పాత పేపరు పరిచి ఉంది. దాని మీద బొమ్మ, భూతద్దం, పెన్సిలు గీతలు నిండిన కాగితం. తిప్పుకొక గీత.

“తోక కింద చూడు. వెంట్రుకంత గీత ఉందా? బొమ్మ పోసే అచ్చుకు పడిన గాటు అది. ఆకుపచ్చదానికీ సరిగ్గా అక్కడే ఉండేది. అచ్చు మారలేదు, కీలు మారలేదు. రంగు మారింది, అంతే. పైన పటారం, లోన లొటారం.”

“అయితే విరిగిందా అత్తా?”

“విరగలేదు. అదేరా నా బాధ. రెండొందల సార్లు తిప్పాను.”

మేనల్లుడికి ప్రాణం లేచొచ్చింది. “విరగలేదంటే బాగున్నట్టేగా!”

“బాగుంటే నీకు ఊరికే ఎందుకు పంపుతారు? నీ అందం చూసా? వీడియోలో ఏం చెప్పావు?”

“ఏం చెప్పలేదే.”

“చెప్పేశావు. చెవులు ఎర్రబడ్డాయి.”

మామయ్య విసుగ్గా కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. “నీ అనుమానానికి అంతుందా? రెండొందల సార్లకు విరగంది ఇంకెప్పుడు విరుగుతుంది? ఆ మాటకొస్తే పాతది మాత్రం నీ చేతిలో ఎప్పుడైనా విరిగిందిటే?”

ఎత్తిపొడుపుకే అన్నాడు. అత్త మాత్రం బొమ్మ తీసుకుని ఒకసారి మెల్లగా తిప్పింది. ఆమె చేతినే చూస్తున్న మేనల్లుడు ముందుకు వంగాడు.

“తొడ తిప్పేముందు తోక ఎత్తుతున్నావేంటత్తా? ఎలా తిప్పాలో పెట్టెలో ఇచ్చిన కాగితంలో అలా లేదు.”

“ఎత్తానా?”

“చిటికెన వేలితో. కొంచెమే.”

మళ్లీ తిప్పింది. ఈసారి ముగ్గురూ చూశారు. చిటికెన వేలు దానంతటదే వెళ్లి తోకను గోరంత పైకి లేపింది. తొడ ఎక్కడా ఒరుసుకోకుండా జారి వచ్చింది. రోజుకు వందల బొమ్మలు తిప్పిన చెయ్యి, ఎవరూ చెప్పకుండానే ఆ కిటుకు నేర్చుకుని, ఆమెకు కూడా చెప్పకుండా దాచుకుంది. ఇన్నేళ్లూ అత్త అన్నింటినీ అనుమానించింది, ఈ వేలిని తప్ప.

“నా దగ్గర విరగదురా,” అంది అత్త. “పిల్లలకు ఈ వేలు ఎక్కడ్నుంచి వస్తుంది?”

గీతల కాగితాన్ని మడిచి పక్కన పడేసింది. బొమ్మను మేనల్లుడి ముందుకు జరిపింది. అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“ఇది విరిగితే రేపు వీడియో ఉండదత్తా. వాళ్లు ఇంకో బొమ్మ కూడా పంపరు.”

“పంపరు,” అని ఒప్పుకుంది అత్త. కుర్చీని ఊపి చూడకుండానే అతని ఎదురుగా కూర్చుంది. “కాగితం చూడకు. నా చేతుల వంక చూడకు. నువ్వు ఆరేళ్ల పిల్లాడివనుకో. లోపల అమ్మ కేకలేస్తోంది, లేవకపోతే దెబ్బలు పడతాయి, అయినా ఇంకొక్కసారి రోబోని చెయ్యాలి. ఆ తొందరలో తిప్పరా, నాయనా. నా కళ్ల ముందు ఒక్కసారి తిప్పు.”