తాటిచెట్టంత బల్లి

ధాత సంవత్సరం, కార్తీకం, బుధవారం. పొద్దుటి నుంచీ ముసురు. దూలాల బూజు దులుపుతుంటే బల్లి నా నెత్తిన పడింది.

ఈ రోజే నేను తాడేపల్లిగూడెం వెళ్లాలి. అక్కడి స్నేహితుడి దగ్గరున్న పూర్వకాలపు జంతువుల బొమ్మల పుస్తకం రేపటి మెయిలుకు మద్రాసు వెళ్లిపోతుంది. మా ఆవిడ గొడుగు లాగేసుకుంది. కంచిలో బంగారు బల్లిని ముట్టుకొచ్చిన మేనత్త దెందులూరు నుంచి వచ్చి నన్ను ముట్టుకుంటే గాని దోషం పోదట, అందాకా గడప దాటకూడదట.

నేను మితభాషిని. అయినా ఇవాళ ఉండబట్టలేకపోయాను. మనుషులు పుట్టకముందు తాటిచెట్టంత రాకాసి బల్లులుండేవనీ, ఇంగ్లీషులో డైనోసార్లంటారనీ, వాటి ఎముకలు దొరల సీమలో నిలబెట్టారనీ గడగడా చెప్పేశాను.

"అమ్మో! అది నెత్తిన పడితే ఫలం చూసుకోడానికి మనిషి మిగలొద్దాండీ?" అని పగలబడి నవ్వింది. అంతలోనే ఆలోచనలో పడింది. "ఏవండీ, కంచి బల్లి జానెడే కదా. మరి ఈ సీమ బల్లిని ముట్టుకుంటే?"

"ఏడు తరాలకు సరిపోతుంది."

"ముట్టుకున్నవాళ్లు మన ఏలూరులో ఎవరైనా ఉన్నారాండీ?"

"లేరు. బొమ్మ మాత్రం గూడెంలో ఉంది."

"అయితే వెంటనే వెళ్లి ముట్టుకురండి!" అంటూ గొడుగు నా చేతిలో పెట్టింది.

అది అసలు బల్లే కాదని నేను చెప్పలేదు. మీరైతే చెప్పేవారా?

పుస్తకంలోని ప్రతి బొమ్మనూ వేలితో తడిమి, గాలిలో తేలుతూ సాయంత్రానికి ఇల్లు చేరాను. అరుగు మీద వీధిలోని ముసలమ్మలంతా చేతులు చాపి కూర్చున్నారు. అందరినీ ముట్టుకుని ఇప్పుడే లోపలికి వచ్చాను. మళ్లీ ఎవరో పిలుస్తున్నారు. ఆవిడకు బల్లి భుజాన పడిందట, వెళ్లి ముట్టుకొచ్చి మిగతాది రాస్తా...