నర్సంపేటలో నిద్ర, వరంగల్లులో గురక

మా ఆయన పోయిన కబురు ముందుగా నాకు తెచ్చింది మా ఆడబిడ్డ భర్త సమ్మయ్య. నర్సంపేట నుంచి దొరికిన లారీ ఎక్కి వచ్చి, మా గడప దగ్గరే కూలబడ్డాడు. అతను నోరు తెరవక ముందే నాకు తెలిసిపోయింది. ఎట్లా తెలిసిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. బడికి పోకపోయినా మా నాన్న ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు, పూజ నేర్పాడు. దేవుణ్ణి నమ్మిన పిల్లకు ఇంక వేరే భయాలెందుకు అనేవాడు. ఆ మాటకు ఇప్పటికీ ఆయనకు దండం పెట్టుకుంటాను.

డెబ్బైల చివర జరిగింది ఇది. మా ఆయన వరంగల్లులో బట్టల మిల్లులో పనిచేసేవారు. ఎక్కువగా రాత్రి షిఫ్టు, పగలు నిద్ర. భారీ మనిషి, పొట్టి మెడ. గురక మొదలైతే వరుసలో ఇళ్లన్నిటికీ వినిపించేది. పక్కింటి ఖాజాబీ నవ్వేది.

“మిల్లుల మిషన్లు బందైనా మీ ఇంట్ల మిషన్ బంద్ కాదు భాభీ!”

“దానికి గూడ ఓవర్‌టైం కట్టియ్యమని చెప్పు” అనేవారు ఆయన.

గురక వస్తే మంచి నిద్ర అనుకునేవాళ్లం. పక్కన కూర్చొని బియ్యం ఏరుకునే నాకు మాత్రం మరో సంగతి తెలుసు. గురక ఉన్నట్టుండి ఆగిపోయేది. ఛాతీ ఎగసిపడేది గానీ గాలి లోపలికి పోయేది కాదు. రామా రామా అనుకుంటూ భుజం మీద చెయ్యి వేసి, “ఇగో, జర పక్కకు తిరిగి పండుండ్రి” అనేదాన్ని. తిరగగానే పెద్ద శబ్దంతో ఊపిరి అందేది. నేను చెప్పకుండా తనంతట తాను ఎన్నడూ తిరిగింది లేదు.

లేచాక తలనొప్పి అనేవారు. అన్నం ముందు కూర్చొనే కునుకు తీసేవారు. దవాఖానలో బీపీకి గోలీలు ఇచ్చారు. నిద్ర కూడా ఒక జబ్బు కావచ్చని మాకెవరికీ తెలియదు.

ఆ రోజు మిల్లుకు సెలవు. చెల్లెలు కొమురమ్మను చూసి వస్తానని పొద్దున్నే నర్సంపేట వెళ్లారు. నాకు జ్వరం ఉండి వెళ్లలేదు. మధ్యాహ్నం దుప్పటి కప్పుకొని పడుకున్నాను. ఎదురుగా ఉన్న ఆయన మంచం మీద గురక వినిపించింది. మంచం ఖాళీ. భయం వేయలేదు, రోజూ వినే చప్పుడే కదా. జ్వరం కల అనుకున్నాను.

అంతలో ఖాజాబీ గోడ మీదుగా పిలిచింది. “భాభీ, భయ్యా అప్పుడే వచ్చిండా? మిషన్ ఇనబడ్తాంది!”

జవాబు చెప్పేలోగా గురక ఆగింది. ఎప్పటిలాగే ఎదురుచూశాను. ఊపిరి రాలేదు. ఆగలేక లేచి, ఆ మంచంపట్టె పట్టుకొని గట్టిగానే అన్నాను, “ఇగో, జర పక్కకు తిరిగి పండుండ్రి.”

ఒక్క ఊపిరి వినిపించింది, దీర్ఘంగా. ఆ తర్వాత ఏమీ లేదు. పొద్దుగూకే ముందు సమ్మయ్య వచ్చాడు.

జ్వరం వల్ల అలా అనిపించిందని అనుకుందామంటే, ఖాజాబీకి జ్వరం లేదు.

అక్కడ జరిగింది దినాలయ్యాక కొమురమ్మ చెప్పింది. అన్న వస్తున్నాడని తమ చేనులో పండిన పత్తితో కొత్త పరుపు కుట్టించిందట. కోడికూర వండి, కల్లు తెప్పించింది. ఆయన పడుకోగానే పిల్లలను బయటికి తోలి, తలుపు దగ్గరగా వేసింది.

“రాత్రంత మిల్లుల నిలవడి గోసపడెటోడు. మా ఇంట్లనన్న కడుపునిండ నిద్రపోనీ అనుకున్న వదినె” అంది.

పెరట్లో పని చేసుకుంటుంటే గురక ఆగిందట. ఏమైందోనని లేవబోతుంటే గదిలో నుంచి నా గొంతు వినిపించింది. జర పక్కకు తిరిగి పండుండ్రి అని, నేను అన్నట్టే.

“జరం పట్టుకొని ఏ బస్సుకొచ్చిందో, ఇగ వదినె చూసుకుంటది అనుకున్న. మల్ల కూసున్న” అంది.

కాసేపటికి రెండు కప్పుల చాయ్ పట్టుకొని తలుపు తోసింది. గదిలో అన్న ఒక్కరే ఉన్నారు. గోడవైపు తిరిగి, చెయ్యి చెంప కింద పెట్టుకొని ఉన్నారు. ఒళ్లు వెచ్చగానే ఉంది. ఊపిరి లేదు.

చాలా ఏళ్ల తర్వాత ఒక డాక్టరు గారు ఓపికగా విడమరిచి చెప్పారు. నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుందట. వెల్లకిలా పడుకున్నా, కల్లు తాగినా ఎక్కువవుతుందట. ఏళ్ల తరబడి అట్లా ఊపిరి ఆగి ఆగి, బీపీ పెరిగి, గుండె అలసిపోతుందట. ఆ మేరకు నాకు అర్థమైంది. ఆ డాక్టరు గారికి చేతులెత్తి మొక్కాను. ఆ గొంతు సంగతి అడిగితే మాత్రం నాకే బీపీ చూసి పంపించారు.

చివరి ఊపిరి దగ్గర నన్ను ఏదో విధంగా ఉంచిన భగవంతుడికి నేను రుణపడి ఉన్నాను. కానీ అదే గొంతు కొమురమ్మకు శిక్ష అయింది. “నీ గొంతు ఇనకపోతే నేను లేచి పోతుంటి గద వదినె” అని ఏడ్చేది. నీ తప్పు కాదు పిల్లా అని ఎంత చెప్పినా వినలేదు. ఆమె ఇంట్లో ఎవరు పడుకున్నా పక్కన కూర్చొని భుజం మీద చెయ్యి వేసి ఉంచేది. “మమ్ముల పండనియ్యవా అమ్మా?” అని పిల్లలు విసుక్కునేవాళ్లు. ఆ దిగులుతోనే ఎనభైల దశకంలో కన్నుమూసింది.

నా గొంతు అంత దూరం ఎట్లా పోయిందో, ఆయనను కాపాడడానికి పోయిందో, ఆమెను ఆపడానికి పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు.

మీ ఇంట్లో గురక ఉన్నట్టుండి ఆగితే లేచి చూడండి. దీపం పెట్టుకునేటప్పుడు మా కొమురమ్మను ఒక్కసారి తలుచుకోండి. అన్నకు కడుపునిండా నిద్ర పెట్టాలనుకుంది, అంతే.