నందపురం మెట్లు

నవంబరు 16, ఆదివారం, నందపురం. హాజరు: నేను, శృంగవరపుకోట నుంచి వచ్చిన జీపు డ్రైవరు.

ఈ కొండల్లో ఒకప్పుడు రాజధాని ఉండేది. ఇప్పుడు మిగిలింది రాతి సింహాసనం. ముప్పైరెండు మెట్లని పేరు. నలభై ఏళ్లు, వెళ్లిన చోటల్లా మా ఆవిడ చూసింది చెప్పేది, నేను డైరీలో రాసేవాణ్ణి. ఆవిడ పోయాక ఇదే తొలి ప్రయాణం. మెట్లు లెక్కపెట్టి రాశాను. ఆపైన పెన్ను కదల్లేదు.

డ్రైవరు తొంగిచూసి నవ్వాడు. "ఏటి బావూ, మెట్లు నెక్కెట్టడానికా ఇంత దూరం? ఎలాగున్నాదో రాయవేటి?"

"అది చెప్పే మనిషి లేదురా."

ఆ రాత్రి అక్కడే బస చేశాం.

మర్నాడు పొద్దున్నే మంచులో ఒక్కణ్ణే వెళ్లి పై మెట్టుకు అరచెయ్యి ఆనించాను. చాలాసేపటికి సొంతంగా ఒక వాక్యం రాశాను: "రాయి చల్లగా ఉంది."