తుకారాం అయిదు నిమిషాలు

అమీర్‌పేటలో తుకారాం పంక్చర్ దుకాణంలో ఒక్క మాట మాత్రం అనకూడదు. "జల్దీ." అన్నారా, మీ పని అయిదు నిమిషాలు వెనక్కి పోతుంది. రెండుసార్లంటే పది. ఒక బ్యాంకు ఆఫీసరు ఏడుసార్లు అని, మధ్యాహ్నం భోజనం అక్కడే చేశాడని చెప్పుకుంటారు.

ఈ పేట మొత్తం తొందర మీద బతుకుతుంది. నలభై అయిదు రోజుల్లో ఉద్యోగం అన్న బోర్డుల కింద నాలుగేళ్లుగా ఉద్యోగం లేకుండా తిరుగుతున్నవాణ్ణి నేను, నాకు తెలుసు. ఆ బోర్డుల మధ్య తుకారాం రేకుల దుకాణం ఒక్కటే నిదానం. అందరూ ట్యూబుకు జిగురు పూసి, అతుకు వేసి పంపేస్తారు. తుకారాం పచ్చి రబ్బరు ముక్క పెట్టి, ఇస్త్రీపెట్టెలాంటి యంత్రం కింద బిగించి ఉడికిస్తాడు. అతుకు వేస్తున్నానని కూడా అనడు. "వండుతున్న" అంటాడు.

ఆయనది సిరిసిల్ల, నేతపని ఇల్లు. అందుకే రబ్బరు కూడా ఆయన కంటికి నూలులాగే కనిపిస్తుంది.

"పచ్చి రబ్బరంటే ఏందనుకున్నవ్? విడి పోగులు. ఎండకు కారుతది, చలికి పెళుసయితది. గంధకం కలిపి వేడి పెడితే పోగుకూ పోగుకూ ముడి పడుతది. ముడి పడ్డంక ఎంత గుంజినా ఊడదు."

నేను ఫుట్‌పాత్ పుస్తకాలన్నీ చదివినవాణ్ణి. ఊరుకోలేను. "అది కనిపెట్టినాయన చేతిలో ముద్ద పొరపాటున పొయ్యి మీద పడిందట అన్నా. అంతా అదృష్టం."

"ఏం అదృష్టం! పొయ్యి మీద మస్తు పడ్తయి, అట్లు సుత మాడ్తయి. గాయిన మాడినదాన్ని పారెయ్యలే. ఎంత వేడి, ఎంతసేపు అని ఏండ్లకేండ్లు లెక్క సూసిండు."

"ఆయనకి ఇంటర్వ్యూలు లేవు కదా," అన్నాను.

నాకు ఒకటి ఉండింది. మొన్న మంగళవారం పదకొండింటికి, బంజారా హిల్స్‌లో. ఇంటింటికీ వెళ్లి రక్తం నమూనాలు తెచ్చే ఉద్యోగం. సొంత బండితో రావాలి, బండిని కూడా పరీక్షిస్తారు, నిమిషం ఆలస్యమైనా గేటు తీయరు. నా బండి బ్రేకు లైటు వెలిగి ఎనిమిది నెలలైంది. దానికి అడ్డంగా నిలబడి మాట్లాడాలన్నది నా ఉపాయం. ఇంతలో మెట్రో స్తంభాల కింద ముందు టైరు కూలబడింది.

పదింటికి దుకాణం చేరేసరికి ఇస్త్రీ చొక్కా తడిసి ముద్దయింది. తుకారాం బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. బ్రేకు తొక్కి చూశాడు. ముందు చక్రం ఊడదీసి, ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు చూసి, గీరి, ముక్క పెట్టి బిగించాడు.

"ఇరవై నిమిషాలు."

"పదకొండింటికి అక్కడుండాలన్నా. కొంచెం జల్దీ..."

నాలుక కరుచుకున్నాను. లాభం లేదు.

"ఇరవై అయిదు. పో, గోడ దిక్కు తిరిగి కూసో."

శిక్షలో ఇది రెండో భాగం. రోడ్డుకు వీపు పెట్టి, గోడ మీది పోయినేడాది క్యాలెండర్ చూస్తూ కూర్చోవాలి. ఇరవై ఆరేళ్లవాణ్ణి, కూర్చున్నాను. చక్రం ఆయన దగ్గరుంది మరి.

వెనక టకటకమని చప్పుడు.

"ఏం చేస్తున్నావన్నా?"

"ఉడుకుతున్నది."

"టకటకమంటోందేంటి?"

"ఉడికేటప్పుడు గట్లనే అంటది."

పదీ ఇరవై. ఈ ఉద్యోగం కూడా పోతే మధురానగర్ హాస్టల్లో నా మంచం ఈ నెలాఖరుతో సరి.

"దండం పెడతా అన్నా, జల్దీ!"

"ముప్పై."

పక్కన చాయ్ బండి కాంతవ్వ నవ్వింది. "సప్పుడు జెయ్యకు బిడ్డా. ఇంకోసారి అంటివా, బువ్వ సుత ఈడనే."

చక్రం ఎక్కగానే బయల్దేరి, పంజాగుట్ట సిగ్నళ్లన్నిటినీ తిట్టుకుంటూ, పదీ యాభై ఎనిమిదికి ఆ ఆఫీసు గేటు దాటాను. హనుమత్ప్రసాద్ గారనే ఆఫీసరు బండ్లు చూస్తున్నారు. నా ముందువాడిది తళతళలాడే కొత్త బండి. హంగులన్నీ ఉన్నాయి, బ్రేకు లైటు మాత్రం వెలగలేదు. "మీరు వెళ్లి రండి," అన్నారాయన. నేను వెళ్లి నా బండి వెనక, లైటుకు అడ్డంగా నిలబడ్డాను.

"కాస్త పక్కకి జరుగు బాబూ. బ్రేకు తొక్కు."

కళ్లు మూసుకుని తొక్కాను.

"ఊఁ. మళ్లీ."

కళ్లు తెరిచాను. ఎర్రగా వెలిగింది. నమ్మకం లేక మూడోసారి నా అంతట నేనే తొక్కాను.

"చాలు బాబూ, బల్బు పోతుంది! హారనేదీ?"

ఎప్పుడూ దగ్గే హారను ఆ రోజు అరిచిన అరుపుకి వాచ్‌మన్ కుర్చీలోంచి లేచాడు.

"పాత బండైనా శ్రద్ధగా చూసుకుంటున్నావు. సోమవారం నుంచి వచ్చెయ్."

తిన్నగా దుకాణానికి వచ్చాను. కాంతవ్వ ముందే ఆపింది.

"గోడ దిక్కు కూసోబెట్టిండంటే నీ బండికేదో రోగం ఉన్నట్టే. బండి మంచిగుంటే ఉత్తగ బెదిరిస్తడు, గంతే. బాగుచేస్తనంటే మీరు ఒప్పుకుంటరా? టైం లేదు, రేపు సూద్దం అంటరు."

"మరి ఆ బ్యాంకు ఆఫీసరు?"

"ఆయన బండా! అండ్ల మంచిగున్నది సీటొక్కటే."

తుకారాం ఇంకెవరిదో ట్యూబు యంత్రం కింద బిగిస్తున్నాడు.

"అన్నా, ఆ లైటు..."

"ఏ లైటు? నాకేం తెల్వది." తలెత్తలేదు. "నౌకరి దొరికిందా?"

"దొరికింది."

"మరి ఈడ గిరాకికి అడ్డమెందుకు? పో, జల్దీ పో!"

కాంతవ్వ చేతిలో చాయ్ గ్లాసు గాల్లోనే ఆగిపోయింది.

"అయిదు నిమిషాలు, తుకారాం అన్నా," అన్నాను.

ఆయన నన్ను చూశాడు. యంత్రాన్ని చూశాడు. తర్వాత బుద్ధిగా స్టూలు లాక్కుని, గోడ దిక్కు తిరిగి కూర్చున్నాడు.

"అరె," అన్నాడు కాసేపటికి. "ఇది పోయినేడాది క్యాలెండర్ గదా! ఇంతమంది కూసున్నరు, ఒక్కడు సుత చెప్పలేదేందిర?"