బరువు వేలాడదీయక ముందు

మా సార్ పోయారన్న కబురు పక్కింటి ఫోనులో వచ్చింది. మాధవరం పాల కాలనీలో మా వరసకంతటికీ ఆ ఫోను ఒక్కటే. పక్కింటి పిన్నిగారు కిటికీలోంచి కేకేస్తే, జడ సగం అల్లుకుని వెళ్ళి రిసీవరు అందుకున్నాను. అవతల సార్ భార్య.

"మీ సారు పొయినారమ్మా. తెల్లార్తో లేపితే లేవలేదు. నీకు చెప్పాలని ఉండింది నాకు."

"సరేనండీ" అన్నాను. ఆవిడ, నేను మరేమీ మాట్లాడనని తెలిసినట్టుగా మెల్లగా పెట్టేశారు. నా సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

ఆయన నా పరిశోధనకు గైడు. ఇంజనీరింగ్ కాలేజీలో, వెనక బ్లాకు చివరి గదిలో ఉండేవారు. ఆయన చేసే పని ఏమిటని మా అమ్మ అడిగితే నేను ఇలా చెప్పేదాన్ని. ఇనుములో ఒత్తిడి ఎక్కడ ఎంతుందో కంటికి కనిపించదు. అందుకని ఆ ఇనప వస్తువు ఆకారాన్నే గాజులా ఉండే ఎపాక్సీ పలకలో కోస్తారు. దాన్ని వెలుగును వడకట్టే రెండు పోలరాయిడ్ పలకల మధ్య నిలబెట్టి, వెనక నుంచి వెలుగు వేసి, బరువు వేలాడదీస్తారు. అప్పుడు పలకలో రంగుల చారలు లేస్తాయి. ఒత్తిడి ఎక్కువున్న చోట చారలు దట్టంగా, తక్కువున్న చోట పలచగా ఉంటాయి. చారలు లెక్కపెడితే ఒత్తిడి తెలుస్తుంది. "చూడ్డానికి బాగుంటుందా?" అని అడిగింది అమ్మ. చాలా బాగుంటుందని చెప్పాను.

మొదటి రోజు నేను ఆయన బల్ల ముందు నిలబడి నా పేరు కూడా సరిగా చెప్పలేకపోయాను. కాన్వెంటు సిస్టర్ల బడిలో మాకు నేర్పింది అడిగినదానికి జవాబు చెప్పడమే. ఆయన ఏమీ అడగలేదు మరి. నా చేతిలోని ప్లాస్టిక్ స్కేలు వైపు చూసి చెయ్యి చాపారు. చొక్కా జేబులోంచి రెండు చిన్న పోలరాయిడ్ ముక్కలు తీసి, వాటి మధ్య స్కేలును పెట్టి కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నారు. రోజూ సంచిలో మోసే స్కేలులో ఎరుపు, పచ్చ, నీలం అలలు కనిపించాయి.

"చూస్తివా? అచ్చులో సరిగ్గా చల్లారనీకుండా తీసేసినారు, ఆ ఒత్తిడి ఇంకా లోపలే ఉండాది. దీన్ని పోసినోడికి బస్సుకు టైమైంది."

నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ తెలుగులో ఏదో అన్నాను. ఆయన ముక్కలు దించి నన్ను చూశారు.

"తెలుగు పిల్లవా? మరి ఇంతసేపు ఇద్దరం ఇంగ్లీషులో ఎందుకమ్మా కష్టపడినాం?"

వాళ్ళ కుటుంబం ఈ ఊళ్ళో ఎన్ని తరాల నుంచి ఉందో ఆయనకే తెలియదు. "మా పిల్లకాయలు తమిళంలో కొట్లాడుకుంటారు, తెలుగులో అన్నం అడుగుతారు" అనేవారు. ఆ గదిలో ఆయనతో మాట్లాడిన మాటలే నేను బయటి మనుషులతో మాట్లాడిన మొదటి మాటలని ఇప్పుడనిపిస్తుంది.

గదిలో ఒక చెక్క బీరువా ఉండేది. దాని లోపల, కింది అరలో, ఒక బల్బు ఎప్పుడూ వెలుగుతూ ఉండేది. కోసిన నమూనాలన్నీ పై అరల్లో ఆ వెచ్చదనంలో ఉండాలి. కారణం మన ఊరి తడిగాలి. ఎపాక్సీ అంచు తడిని పీల్చుకుంటుంది. పీల్చుకున్న అంచు ఉబ్బాలని చూస్తుంది, లోపలి భాగం ఉబ్బనివ్వదు. ఆ పెనుగులాటకు, ఏ బరువూ లేకుండానే, అంచు వెంట చారలు పుట్టుకొస్తాయి. అవి నిజమైన చారల్లో కలిసిపోతే ఏవి బరువువో ఏవి తడివో ఎవరూ విడదీయలేరు.

అందుకే ఆయన ప్రతి విద్యార్థికీ మొదట చెప్పే మాట ఒకటుండేది: "ముందు ఉత్తదాన్ని చూడు." బరువు వేలాడదీయక ముందు నమూనాను వెలుగులో నిలబెట్టి చూడాలి. అది నల్లగా, ఏ చారా లేకుండా ఉంటేనే తర్వాతి పని. కొత్త పిల్లలు తొందరపడి బరువు పళ్ళెం తగిలిస్తే ఆయన కోప్పడేవారు కాదు. పళ్ళెం తీసి చేతిలో పెట్టి, "మళ్ళా" అనేవారు.

కంప్యూటరుకు తగిలించే కెమెరా వచ్చింది నా రెండో ఏట. అంతకుముందు చారలను కంటితో లెక్కపెట్టడమే. ఆయన లెక్కపెడుతుంటే పెదవులు కదిలేవి. కెమెరాతో పని వేరు. పోలరాయిడ్లను ఒక్కో కోణానికి తిప్పుతూ ఒక్కో ఫోటో తీయాలి. ఆ ఫోటోలన్నిటిలో ఒకే చుక్క వెలుగు ఎలా మారిందో చూసి, చారకూ చారకూ మధ్యనున్న చోట కూడా ఒత్తిడి ఎంతో కంప్యూటరు లెక్కగడుతుంది. నా థీసిస్సు దాని మీదే. పాతకాలపు మనిషి, దీన్ని ఇష్టపడరేమోనని భయపడ్డాను. ఆయన కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నారు.

"నా కంటికి అర, పావు తెలుస్తాది. దీనికి వీసం దాకా తెలుస్తా ఉండాది. సెరి, వీసాలు నువ్వు చూసుకో. చార యాడ పుట్టిందో, ఎందుకు పుట్టిందో, అది మాత్రం దీన్ని అడగబాక. మనమే చూడాల."

ఆ ఏడే తిరువొత్తియూరులోని ఒక ఫ్యాక్టరీ వాళ్ళు ఆయన దగ్గరికి వచ్చారు. షెడ్డులో ఇనప సామాను ఎత్తే పెద్ద కొక్కేన్ని కాస్త సన్నగా చేసుకోవచ్చా అని వాళ్ళ ప్రశ్న. సార్ కొక్కెం నమూనాను స్వయంగా కోశారు. కోసిన రోజే ఉత్తదాన్ని చూశారు. మచ్చ లేకుండా నల్లగా ఉంది. ఆ మర్నాడు తుఫాను వాన మొదలైంది. కాలేజీ మూసేశారు. తెరిచిన రోజే ఆయన నమూనాకు బరువు వేసి, చారలు లెక్కపెట్టి, సన్నగా చేసుకోవచ్చని రిపోర్టు రాసి పంపారు.

కొన్ని వారాల తర్వాత ఒక ఉదయం నేను ఫ్లాపీల్లోని పాత ఫోటోలను సర్దుతున్నాను. వాటిలో ఆ కొక్కెం ఒకటి కనిపించింది. కాలేజీ తెరిచిన రోజున, సార్ రాక ముందు, కొత్త కెమెరా సరిగా పట్టిందో లేదో చూసుకోవడానికి బీరువాలో చేతికందిన నమూనాను స్టాండు మీద పెట్టి తీసిన ఫోటో; చారలకేసి ఆ రోజు చూడలేదు. బరువు లేదు. కానీ లోపలి వంపు వెంట సన్నటి చారలున్నాయి.

కొక్కెం లోపలి వంపును బరువు సాగదీస్తుంది. తడి అదే వంపును నొక్కుతుంది. రెండూ కలిస్తే ఒకటి రెండోదాన్ని కొంత చెరిపేసి, అసలుకన్నా తక్కువ చారలు కనిపిస్తాయి. అంటే ఆ రిపోర్టులోని ఒత్తిడి నిజంగా ఉన్నదానికన్నా తక్కువ. ఆ మాటను నమ్మి చేసే కొక్కెం కింద మనుషులు పని చేస్తారు.

ఆయన వచ్చేదాకా, ఆయనకు చెప్పాల్సిన వాక్యాన్ని మనసులో కూర్చుకుంటూనే ఉన్నాను. వచ్చాక అది నోట రాలేదు. ఫోటోను తెర మీద పెట్టి పక్కకు జరిగాను.

"ఏందమ్మా ఇది?"

"కొక్కెం సార్. ఉత్తదే."

"ఏ రోజుది?"

"మీరు లెక్కపెట్టిన రోజుది. మీరు రాక ముందు తీశాను."

ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. చాలాసేపు తెరకు దగ్గరగా వంగి ఉన్నారు.

"వానలో మనకు కరెంటు లేదు కదా."

"లేదు సార్."

"బీరువా చల్లబడి ఉంటాది. నేను చెయ్యి పెట్టి చూడలే. ముందే చూసినాం కదా, చాల్లే అనుకున్నా."

పక్క గది లెక్చరరు ఏదో పనిమీద వచ్చి ఇదంతా విన్నారు. "ఏమండీ, మొన్న వచ్చిన కెమెరా మాట పట్టుకుని మీ రిపోర్టు మీరే వెనక్కి తీసుకుంటారా? తడి ఏమంత కలిసుంటుంది, కొంచెమే కదా. ఊరుకోండి, పరువు పోతుంది."

"కొంచెమే అయ్యుండచ్చు" అన్నారు సార్. "కొంచెమే అని చూసి చెప్పలే కదప్పా నేను."

ఫ్యాక్టరీకి ఫోను కలవలేదు. మళ్ళీ పట్టుకున్న వానలకు ఆ వైపు లైన్లన్నీ పోయాయట. ఆయన గొడుగు తీసుకుని, "ఫోటో కాగితం మీద తీసుకో, పోదాం" అన్నారు. నేనెందుకన్నట్టు చూశానేమో. "చూసింది నువ్వు. ఆడ అడిగితే నువ్వే చెప్పాల" అన్నారు. గుమ్మిడిపూండి వెళ్ళే లోకల్ రైలెక్కాం. గొడుగు పిడి మీద దారంతా ఆయన వేళ్ళు కదులుతూనే ఉన్నాయి.

సన్నటి కొక్కెం అప్పటికే చేసి తగిలించారు. షెడ్డు మధ్యలో అది ఇనప కమ్మీల కట్టను ఎత్తుకుని పోతోంది. అక్కడి ఇంజనీరు తమిళంలోనే మర్యాదగా విసుక్కున్నాడు.

"తగిలించి వారమైంది సార్. దానికేమీ కాలేదే."

సార్ నా వైపు చూశారు. నేను కాగితం పట్టుకుని, తమిళంలో, తడిని గురించీ బల్బును గురించీ చెప్పాను. గొంతు రెండుచోట్ల ఆగిపోయింది. సార్ అందించలేదు. నేనే మొదలుపెట్టేదాకా ఊరుకున్నారు.

"ఈ చిన్నమ్మాయి చెప్పిందనా సార్ ఇంత దూరం వచ్చారు?"

"చూసింది ఈ అమ్మాయి. చూడకుండా చెప్పింది నేను. దాన్ని దించెయ్యండి."

"షిఫ్టు అవ్వనివ్వండి. దించుతాం."

"సెరి. దించిందాకా ఈడే ఉంటా."

షెడ్డు గుమ్మంలో ఒక బోర్లించిన పెట్టె మీద కూర్చున్నారు. వయసులో పెద్దాయన, ప్రొఫెసరు, అలా కూర్చుంటే అటూ ఇటూ పోయేవాళ్ళు చూసీ చూడనట్టు పోయారు. ఒకడు పక్కవాడితో, "పెద్దాయన అల్లుడి మీద అలిగొచ్చినట్టున్నాడు" అని తెలుగులోనే అన్నాడు, మాకు అర్థం కాదనుకుని. సార్ విన్నారు. "అల్లుడు కాదబ్బా, కొక్కెం" అన్నారు. వాడు నాలుక కరుచుకుని టీ తెప్పించాడు. సార్ గ్లాసు పట్టుకున్నారు గాని తాగలేదు, కళ్ళు పైనే ఉన్నాయి. టీ చల్లారిపోయింది. చివరికి ఇంజనీరే చెయ్యి ఊపి పని ఆపించాడు. సన్నటి కొక్కెం విప్పి, పాతదాన్ని ఎక్కించేదాకా ఉండి సార్ లేచారు. లేచేటప్పుడు మోకాలు పట్టేస్తే నా భుజం మీద చెయ్యి వేశారు. తేలికైన చెయ్యి.

తర్వాత కొత్త నమూనా కోసి, వెచ్చగా ఉంచి, కెమెరాతోనూ కంటితోనూ కొలిచాం. ఆ సన్నటి కొక్కెం వెంటనే విరిగేదేం కాదు. కానీ ఉండాల్సిన భద్రత దానికి లేదు. ఆ ఫ్యాక్టరీ వాళ్ళు మళ్ళీ ఏ పనీ పంపలేదు. కాలేజీలో కొందరు కొన్నాళ్ళు నవ్వుకున్నారు. సార్ ఆ సంగతి ఎత్తలేదు. రోజూ గదిలోకి రాగానే, చెప్పులైనా విడవక ముందు, బీరువా తెరిచి లోపల అరచెయ్యి పెట్టి చూసేవారు. అంతే.

నేనో మాట అడిగాను ఒకసారి, బాధ కలిగిందా అని. "కలగదా మరి" అన్నారు. "నా కంటి మీద నాకు నమ్మకం. తప్పు కంటిది కాదు. చూసినానులే అన్న మనసుది." ఆ మాటన్నాక అద్దాలు సర్దుకుని వేరే పనిలో పడ్డారు.

కిందటేడు సార్‌కు మూత్రపిండాలు చెడ్డాయి. చూడ్డానికి ఆసుపత్రికి వెళితే ఆయన మంచం పక్కన కిటికీ, కిటికీ ముందు సెలైన్ సీసా. నన్ను చూసి దిండు కిందనుంచి పోలరాయిడ్ ముక్కలు తీశారు. ఒకటి నాకిచ్చి సీసా గొట్టానికి అవతల పట్టుకోమన్నారు. రెండోది ఆయన ఇవతల పట్టుకున్నారు.

"ఈడ కూడానా ఇది?" అన్నారు ఆయన భార్య. "చెయ్యి కదిలిస్తే సూది జారతాది. చెప్తే వినరు కదా."

ఆయన చెయ్యి వణుకుతోంది. గొట్టంలో రంగులు సరిగా నిలవలేదు. "బాగా కనపడుతున్నాయా?" అని నన్నడిగారు. కనపడుతున్నాయన్నాను. "అయితే సెరి" అని కళ్ళు మూసుకున్నారు. అదే ఆఖరు చూపు. మూలకొత్తలం శ్మశానానికి ఆడవాళ్ళు వెళ్ళకూడదన్నారు. గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చాను.

పదో రోజు కార్యం అయ్యాక తిరువొత్తియూరు ఫ్యాక్టరీకి వెళ్ళాను. వాళ్ళకు కబురు చెప్పేవాళ్ళెవరూ ఉండరని నాకు తోచింది. ఎవరూ వెళ్ళమనలేదు. ఆ ఇంజనీరే ఉన్నాడు, కాస్త జుట్టు నెరిసింది. సార్ పోయారని తమిళంలో చెప్పాను. ఈసారి గొంతు ఆగలేదు. అతను కుర్చీలోంచి లేచి నిలబడి, నన్ను షెడ్డు దాకా నడిపించుకుని వెళ్ళాడు.

మధ్యాహ్నం విరామం. యంత్రాలు ఆగి ఉన్నాయి. షెడ్డు మధ్యలో ఆ రోజు మళ్ళీ ఎక్కించిన లావాటి కొక్కెం ఉత్తగా వేలాడుతోంది. సరిగ్గా దాని కిందనే ఒక పనివాడు నిలబడి, తల వెనక్కి వంచి, సీసా ఎత్తిపట్టి పెదవులకు తగలకుండా నీళ్ళు తాగుతున్నాడు. అతనికి పై కొక్కేన్ని చూడాల్సిన అవసరమే లేదు. కళ్ళు మూసుకుని తాగుతున్నాడు.