మా ట్రక్ బలం

మొన్న వీకెండ్ క్యాంపింగ్ ఎలా జరిగిందని మాత్రం అడక్కండి! సర్లే, అడగండి. ఎలాగూ మా ఫ్రెండ్ రమణగాడు ఊరంతా చెప్పేస్తాడు. వాడి నోట వినేకంటే నా నోట వింటే కాస్తయినా పరువు దక్కుతుంది.

పిల్లల కోసం ఈమధ్య ఒక సెకండ్ హ్యాండ్ క్యాంపింగ్ ట్రైలర్ కొన్నాం. మడిచేస్తే నడుం ఎత్తు కూడా ఉండదు, విప్పితే నలుగురు పడుకోవచ్చు. "దీన్ని మన మినీవ్యానే లాగేస్తుంది. వెనక తగిలించే కొక్కెం, ఆ హిచ్ ఒకటి వేయిస్తే చాలు" అంది మా ఆవిడ సుజాత.

"నీకు తెలీదు. కొండలెక్కాలి. ఫ్యామిలీ సేఫ్టీ!" అన్నాను. ఆఫీసులో రెండు వారాలు పని మానేసి ట్రక్కుల రివ్యూలు చదివినవాణ్ణి మరి! మినీవ్యాన్ ఇచ్చేసి ఎనిమిది సిలిండర్ల ఇంజన్ ఉన్న పికప్ ట్రక్ తెచ్చాను. షాంటిలీలో మా టౌన్‌హౌస్ ముందు పెడితే పక్కింటివాళ్ళకి ఎండ తగలడం మానేసింది. సుజాత అందులోకి ఎక్కిన ప్రతిసారీ, "కొత్తిమీర కట్ట తేవడానికి ఇంత బండా!" అనేది.

శనివారం షెనండోవా కొండల్లోకి ప్రయాణం. ముందురోజే సామాను ట్రక్ వెనక పేర్చి, టార్పాలిన్ కప్పి, ట్రైలర్ తగిలించేశాను. పొద్దున చూస్తే కూలర్‌లోకి ఐస్ లేదు! ఐస్ కోసం ట్రైలర్ ఈడ్చుకెళ్ళడం ఎందుకని విప్పేశాను. దారికి అడ్డమని చేత్తో తోస్తే బుద్ధిగా గరాజ్‌లోకి వెళ్ళి కూర్చుంది. తలుపు దించి, స్టోర్‌కి వెళ్ళొచ్చాను.

వచ్చేసరికి సుజాత పిల్లలిద్దరితో, పులిహోర డబ్బాతో గుమ్మంలో రెడీ. "ఇప్పటికే లేటు, పదండి పదండి!" అంటూ ముగ్గురూ ఎక్కేశారు. నేనూ ఎక్కేశాను.

హైవే మీద నా ఆనందం చూడాలి! అద్దాల్లో ట్రైలర్ కనపడదు. కనపడదని నాకు ముందే తెలుసు, ట్రక్ వెడల్పు అలాంటిది. "చూశావా సుజాతా! వెనక ఒక ఇల్లు కట్టుకుని వెళ్తున్నామంటే ఎవరైనా నమ్ముతారా? కుదుపుందా? బరువు తెలుస్తోందా?"

ఘాట్ రోడ్డెక్కాక సుజాత కూడా మెత్తబడింది. "నిజమేనండీ, లాగుతున్నట్టే లేదు. మీరే రైట్."

పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆ మాట వినడం అదే మొదలు! కిటికీ దించి ఈల కూడా వేశాను.

క్యాంప్‌గ్రౌండ్ గేటు దగ్గర రేంజరమ్మ ఒకావిడ మా కాగితాలు చూసింది. ట్రక్ చుట్టూ తిరిగొచ్చి, "సర్, మీ ట్రైలర్ ఎక్కడ?" అంది.

"బిహైండ్!" అన్నాను దర్జాగా.

"బిహైండ్ వాట్?"

దిగి వెళ్ళాను. హిచ్ ఉంది. హిచ్ వెనక రోడ్డుంది. రోడ్డు వెనక కొండలున్నాయి, చాలా అందంగా.

హైవే మీద ఊడిపోయిందా? ఎవరి మీదకైనా వెళ్ళిందా? అప్పుడు గుర్తొచ్చింది... గరాజ్!

సుజాత తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఐస్ మర్చిపోలేదు కదా, అదే పదివేలు" అంది. మా అమ్మాయి అనన్య మాత్రం, "నాన్నా, యూ వర్ సో హ్యాపీ!" అని జాలిపడింది.

రమణ వాళ్ళ కుటుంబం కూడా రావాలి. వాడెప్పుడూ రెండు గంటలు లేటు, మొదటిసారి అది కలిసొచ్చింది. రేంజర్ ఆఫీసు నుంచి ఫోన్ చేసి గరాజ్ కోడ్ చెప్పాను. వాడు మూడు నిమిషాలు నవ్వి, ఆ తర్వాత "సరే" అన్నాడు.

మధ్యాహ్నానికి దిగాడు, వాడి పాత మినీవ్యాన్‌కి మా ట్రైలర్ తగిలించుకుని! "కొండెక్కేటప్పుడు ఏసీ కూడా ఆపలేదురా!" అన్నాడు, నేనేమీ అడక్కుండానే.

సుజాత నావైపు చూడలేదు. పులిహోరలో పల్లీలు ఏరుకుంటూ కూర్చుంది, భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

ఆదివారం తిరుగు ప్రయాణంలో ట్రైలర్‌ని నేనే తగిలించాను. మూడుసార్లు లాగి చూశాను. అయినా మనసొప్పదే! అయిదు మైళ్ళకోసారి పక్కకి ఆపడం, దిగడం, వెనక్కి చూడడం, ఎక్కడం. అయిదోసారి దిగేసరికి ఒక పోలీసాయన వచ్చి ఆగాడు.

"సర్, మీ వెంట ఎవరైనా పడుతున్నారా?"

"వెంట వస్తోందా లేదా అనే చూసుకుంటున్నానండీ!"